బొబ్బిలి: యుద్ధం తర్వాతి ఊరు

బొబ్బిలి విజయనగరానికి ఉత్తరంగా, పార్వతీపురం వెళ్లే దారిలో ఉన్న చిన్న పట్టణం. 2011 లెక్కల్లో జనాభా 56 వేలు దాటింది. పక్కన పారే వేగావతి నాగావళిలో కలుస్తుంది. పడమరన సాలూరు దాటితే తూర్పు కనుమలే. ఇటు మైదానం వరి, అటు కొండ పంటలు. రెండూ చేతులు మారే చోటు కావడం వల్లే ఇక్కడ ఊరు నిలదొక్కుకుంది.

సంస్థానం పుట్టింది 17వ శతాబ్దంలో. శ్రీకాకుళం ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వచ్చిన వెలమ నాయకుడు పెద్దారాయుడికి ఈ ప్రాంతం దక్కిందని సంస్థాన చరిత్ర చెబుతుంది. పొరుగునే విజయనగరం పూసపాటివారు బలపడ్డారు. హద్దుల మీద, వాగుల నీళ్ల మీద తగాదాలు మొదలయ్యాయి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు విజయరామరాజు సేన కలిసి బొబ్బిలి కోటను ముట్టడించాయి. కోట నిలవదని తేలాక లోపలి ఆడవాళ్లను, పిల్లలను సొంతవాళ్లే చంపి నిప్పుపెట్టారు. బొబ్బిలి రాజా రంగారావు పోరులో పడిపోయాడు. మూడో రాత్రి బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలో దూరి అతన్ని పొడిచి చంపాడు. బుర్రకథలూ, 1964 నాటి ‘బొబ్బిలి యుద్ధం’ సినిమా ఈ కథను ఇంటింటికీ చేర్చాయి.

కథలు సాధారణంగా అక్కడితో ఆగిపోతాయి. బతికి బయటపడ్డ రాజావారి పసికొడుకు చిన రంగారావుకు సంస్థానం స్థిరంగా దక్కడానికి మాత్రం దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 1794 జూలైలో పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సేన చేతిలో అప్పటి విజయనగరం రాజు చనిపోయాకే కంపెనీవారు బొబ్బిలిని తిరిగి అతనికి అప్పగించారు. పాత కోట యుద్ధంలోనే నాశనమైంది. ఇప్పుడు కోట అని చూపించే భవనాలు ఆ తర్వాత కట్టినవి. పాత కోట ఉన్న చోట 1891లో మహారాజా వెంకట శ్వేతాచలపతి రంగారావు స్మారక స్తంభం నిలిపాడు. తమ వంశ చరిత్రను ఇంగ్లీషులో రాసి అచ్చువేయించిందీ ఆయనే. బొబ్బిలి వీరగాథకు రాతి గుర్తూ, పుస్తకమూ రెండూ ఒక్క మనిషి చలవే.

ఊరి దినచర్యను మార్చింది మాత్రం రైలు. విజయనగరం నుంచి పార్వతీపురం వరకు లైను 1908–09లో తెరుచుకుంది. 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకు కొమ్మ వేశారు. 1931లో లైను రాయపూర్ దాకా కలిశాక బొబ్బిలి జంక్షను పెద్ద దారి మీదికి వచ్చింది. కొండల నుంచి దిగే చింతపండు, పసుపు, చీపుర్లు, అడ్డాకులు, మెట్ట పొలాల గోగునార ఇక్కడి వ్యాపారానికి సరుకయ్యాయి. గోగునార వల్లే జనపనార మిల్లులు వెలిశాయి. సంతకు వచ్చే కూలికి పొద్దుటిపూట చోడి అంబలి, ఉల్లిపాయ. ఏడాదికోసారి అమ్మవారి సంబరం. రాజవంశం ఇలవేల్పు వేణుగోపాలస్వామి గుడిలో ఉత్సవాలు. యుద్ధం కన్నా ఊరివాళ్లకు ఇవే దగ్గర.

రాజకీయాల్లోనూ ఈ ఊరి పేరు మద్రాసు దాకా వినిపించింది. జస్టిస్ పార్టీ నాయకుడైన బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు 1932 నుంచి 1937 దాకా, మధ్యలో కొద్ది నెలలు తప్ప, మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానమంత్రి. 1937 ఎన్నికల్లో ఆయన్ను సొంత గడ్డ మీదే ఓడించినవాడు కాంగ్రెసు తరఫున నిలిచిన వి.వి. గిరి. జమీందారీకి కాలం చెల్లిందని 1948 నాటి జమీందారీ రద్దు చట్టం కన్నా ముందే తెలిసిపోయింది.

రాజ్యం పోయినా ఒక పనితనం మిగిలింది. ఊరికి ఆనుకుని ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు తరాలుగా వీణలు చేస్తున్నారు. ముదిరిన పనసమాను తెచ్చి, కోసి, ఆరబెడతారు. కుండ, దండి ఒకే దుంగలో తొలిచే ఏకాండి వీణకే పేరు ఎక్కువ. ఉలితో లోపల తొలిచేటప్పుడు వేలితో తట్టి మందం చూసుకుంటారు. గోడ మందమైతే నాదం పలకదు, పలచనైతే చీలుతుంది. దండి చివర యాళి ముఖం చెక్కుతారు. మైనంలో నల్లపొడి కలిపి పరిచి, దాని మీద 24 మెట్లు నిలుపుతారు. శ్రుతి తేల్చేది ఈ మెట్ల అమరికే కాబట్టి ఆ పని చెవి బాగున్న పెద్దవాళ్లదే. నాలుగు వాయింపు తీగలు, మూడు తాళం తీగలు. నగిషీకి ఒకప్పుడు వాడిన ఏనుగు దంతం నిషేధంతో పోయి ప్లాస్టిక్ వచ్చింది. సొరకాయ బుర్ర స్థానంలోకి ఫైబర్ వస్తోంది. బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

అయినా నేడు వాయించే వీణల కన్నా అతిథులకు బహూకరించే బొమ్మ వీణలకే గిరాకీ ఎక్కువ. వాటితో ఇల్లు గడుస్తుంది కానీ మెట్లు నిలిపే చెవి తయారుకాదు. కోట చూడ్డానికి బొబ్బిలి వెళ్లేవారు గొల్లపల్లికీ వెళ్లాలి. వీణ నేర్చుకునే పిల్లలున్న ఇంటివారైతే అసలు వీణనే అడిగి చేయించుకోవాలి.