కంచ నుంచి గోల్ఫ్ మైదానం దాకా: పట్టా లేనోళ్ల నేల

గోల్ఫ్ ఆటకు పుట్టిల్లు ఏదంటే స్కాట్లాండ్ సముద్రపొడ్డునున్న సెయింట్ ఆండ్రూస్ అనే ఊరి పేరు చెప్తారు. అక్కడి ఒడ్డు ఇసుక నేల, దున్నకానికి పనికిరాదు. జనం కుందేళ్లు పట్టుకున్నా, పశువులు మేపుకున్నా, ఆడుకున్నా అక్కడే. 1552లో ఆర్చిబిషప్ ఇచ్చిన పత్రం ఆ ఊరి హక్కును రాతలో పెట్టింది. అప్పుల పాలైన పట్టణ పాలకులు 1797లో ఆ నేలను అమ్ముకున్నారు. 1894లో పార్లమెంటు చట్టంతో అది తిరిగి పట్టణానికి వచ్చింది. ఇప్పటికీ అక్కడి పాత మైదానంలో మామూలు ఆదివారాల్లో ఆట ఉండదు. ఆ రోజు ఊరి జనం అందులో నడుస్తారు.

మన దేశానికి ఆ ఆట దొరల క్లబ్బుగా వచ్చింది. 1829లో కలకత్తాలో మొదటి క్లబ్బు పెట్టారు. కర్ర వచ్చింది, బంతి వచ్చింది, ఊరి హక్కు మాత్రం రాలేదు. ఈ సంగతి హైదరాబాద్ పడమటి గుట్టల్లో బాగా కనిపిస్తుంది.

1998లో సైబర్ టవర్స్ తెరిచారు. 2003లో ఏపీఐఐసీకి, దుబాయ్ ఎమ్మార్ కంపెనీకి ఒప్పందం కుదిరింది. మణికొండ దగ్గర 535 ఎకరాలు ఈ ప్రాజెక్టు కిందికి పోయినయి. అందులో విల్లాల టౌన్‌షిప్పుకు 258 ఎకరాలు, గోల్ఫ్ మైదానానికి 66 ఏళ్ల లీజు మీద 235 ఎకరాలు. మిగిలిన దాంట్లో కన్వెన్షన్ సెంటర్, హోటలు. 2004లో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు ఐఎంజీ భారత అనే సంస్థకు క్రీడల పేరిటనే కేటాయించారు. ఆ కేటాయింపు 2006లో రద్దయింది.

తర్వాత తగాదాలు మొదలైనయి. మణికొండ భూములు హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గావని వక్ఫ్ బోర్డు 2006లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఎమ్మార్ ప్రాజెక్టులో ప్రభుత్వ వాటా తగ్గించారనీ, ప్లాట్లు తక్కువ ధర చూపి అమ్మారనీ ఆరోపణల మీద 2011లో సీబీఐ కేసు నమోదైంది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు 1654 ఎకరాల 32 గుంటలు ప్రభుత్వానివేనని తేల్చింది. జాగీరు, దర్గా, సర్కారు, కంపెనీ: ఈ నలుగురి మధ్యనే వాదం నడిచింది. పట్టా లేకుండా గుట్టల మీద బతికినోళ్ల హక్కేమిటన్నది ఈ వాదంలో ప్రశ్నే కాలేదు.

ఎవరూ దున్నని బండలే కదా, ఎవరికి నష్టం అంటారు. సెయింట్ ఆండ్రూస్ ఇసుకను కూడా ఎవరూ దున్నలేదు. వాడుకున్న జనానికి అక్కడ కాగితం దొరికింది. ఇక్కడ కాగితం లేని వాడుకను హక్కుగా లెక్కించలేదు. కంచ అంటేనే పశువులు మేసే గడ్డి నేల. ఆ వాడుక ఊరి పేరులో మిగిలింది గానీ రికార్డులో మిగల్లేదు.

మా ఊళ్లో మా అవ్వకు గుంటెడు భూమి లేదు. గుట్ట మీది కట్టెలు, సీతాఫలాలు, మేకల మేత, వీటితోనే మా నాయనను పెంచింది. పహాణీలో పట్టాదారుకు గడి ఉంది, సాగుదారుకు గడి ఉంది, మేపినోళ్లకు గడి లేదు. నేను ఒక కార్యాలయంలో పాత పహాణీలు అడిగితే "నీ పట్టా నంబరెంత?" అన్నడు గుమస్తా. పట్టా లేనోళ్ల చరిత్ర కోసమే వచ్చిన్నంటే నవ్విండు.

కాగితం దొరికినోళ్ల కథ కూడా సుఖంగా లేదు. అసైన్డ్ భూములు చేతులు మారకుండా 1977లో చట్టం తెచ్చారు. కానీ సర్కారే ప్రజా ప్రయోజనమని ఆ భూమి వెనక్కి తీసుకుంటే, పట్టాదారులతో సమానంగా మార్కెట్ ధర కట్టివ్వాలని హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పేదాకా 2004 వచ్చింది. ఆ కేసు చేవెళ్ల డివిజన్‌దే. కాగితం ఉన్న పేదకు కోర్టు మెట్లెక్కితే గానీ ధర రాలేదు. కాగితం లేని పేద ఏ మెట్లెక్కాలి?

2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు నరకొద్దని సుప్రీంకోర్టు ఆపింది. చెట్లు, జింకలు, నెమళ్లు వార్తల్లోకి వచ్చినయి, రావాల్సిందే. కంచను కంచగా వాడుకున్న కులాల పేర్లు కూడా అందులోకి రావాలి. ఈ ఊళ్లలో మేకలు కాసినోళ్లు, కట్టెలు కొట్టినోళ్లు ముసలితనంలో ఉన్నారు. వాళ్లు ఎక్కడ మేపిన్రో, ఏ ఏడాది ఎవరు ఆపిన్రో వాళ్ల నోటనే రాసుకోవాలి. వాళ్లు పోతే ఆ గడి నింపేటోళ్లు ఉండరు.