ట్యూబులైట్లు, రేడియోలో గరగర

ట్యూబులైటు వెలిగినప్పుడు దగ్గరి రేడియోలో బరబర శబ్దం వస్తుంది. తార్నాకను ఆనుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని హాస్టళ్లలా వరుస గదులకు ఉమ్మడి వైరింగు ఉన్నచోట, ఒక్క పాడైన లైటు చాలు, 738 కిలోహెర్ట్జ్‌పై వచ్చే హైదరాబాద్ ఆకాశవాణి వార్తలు చెడిపోవడానికి.

మన 50 హెర్ట్జ్ కరెంటుతో గొట్టంలోని విద్యుత్ ప్రవాహం సెకనుకు 100 సార్లు ఆగి మళ్లీ రాజుకుంటుంది. ఆ కుదుపుల్లో పుట్టే రేడియో తరంగాలు గాలిలోనూ, వైర్ల వెంటా పాకుతాయి. ఏఎం ప్రసారాలకే ఈ బెడద ఎక్కువ, ఎఫ్ఎంకు తక్కువ.

దోషిని పట్టడానికి బ్యాటరీ ట్రాన్సిస్టరును మించినది లేదు. దాన్ని చేతబట్టి లైట్లు ఒక్కొక్కటే ఆర్పాలి. గదిలోవన్నీ ఆర్పినా శబ్దం ఆగకపోతే వరండాలో, పక్కగదిలో వెతకాలి. కొసలు నల్లబడి మిణుకుమనే గొట్టాన్ని ముందు మార్చాలి. తర్వాత స్టార్టరు. అందులోని చిన్న కెపాసిటరు పని ఈ శబ్దాన్ని అణచడమే. చాలామందికి తెలియని సంగతిది. గొట్టం బిగించే లోహపు పట్టీకి ఎర్తు తప్పనిసరి. పట్టీ విప్పేముందు మెయిన్ ఆపాలి. రేడియోను పక్కకు తిప్పినా కొంత ఊరట దొరుకుతుంది, లోపలి ఫెర్రైట్ ఏరియల్ దిశను బట్టి తరంగాలను అందుకుంటుంది గనుక.

ఇదంతా మామూలు చోక్ ఉన్న లైట్ల సంగతి. ఎలక్ట్రానిక్ చోక్‌లో అయితే వేల హెర్ట్జ్‌ల స్విచింగే శబ్దమూలం; ఫిల్టరు లేని నాసిరకాన్ని మార్చడమే మేలు. ఎల్ఈడీ ట్యూబుల్లోనూ ఇలాంటి స్విచింగే ఉంటుంది.