తంగేడు: మేత బీళ్ల పొద, లందల చెక్క

నల్లగొండ గుట్టల నుంచి అనంతపురం ఎర్రనేలల మీదుగా తమిళనాడు మెట్టల దాకా బీళ్లలో తనంతట తాను మొలిచే పొద తంగేడు. రాతినేల, ఏడాదికి 500–600 మిల్లీమీటర్ల వాన దానికి చాలు. పశువులు, మేకలు పక్కనున్న రేగును కొరికి మోడు చేస్తాయి గానీ తంగేడు జోలికి సాధారణంగా పోవు. అందుకే మందలు అతిగా తిరిగిన బీట్లో గడ్డి తగ్గేకొద్దీ తంగేడు పరుచుకుంటుంది. నరికితే మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది. పూలలో తేనె ఉండదు. పుప్పొడి తిత్తుల కొసన సన్నటి రంధ్రాలుంటాయి, తుమ్మెద వాలి ఒళ్లు అదిరిస్తేనే పుప్పొడి రాలుతుంది. చిక్కుడు కుటుంబంలోదే అయినా వేళ్లకు నత్రజని బుడిపెలు ఉండవు. అయినా రైతులు దాని రొట్ట కోసి వరిమళ్లలో తొక్కేవారు. బీటి సారం మడికి చేరిన దారుల్లో ఇదొకటి.

దాని అసలు చరిత్ర చెక్కది. బెరడులో 15 నుంచి 20 శాతం దాకా టానిన్ ఉంటుంది. ఆ వగరే పచ్చితోలును కుళ్లకుండా కాపాడుతుంది. మాదిగవాడల్లో తోలు ఊనే చోట్లైన లందల్లో తోలును సున్నపునీట నానబెట్టి, వెంట్రుకలు గీకి, దంచిన తంగేడు చెక్క నీళ్లలో ఊరబెట్టేవారు. పెద్ద తోలునైతే సంచిలా కుట్టి, చెక్కా నీళ్లూ నింపి వేలాడదీసేవారు. చెప్పులు, కాడికి కట్టే వారులు, బావిలోంచి నీళ్లు తోడే మోట తొండాలు అక్కడే తయారయ్యేవి. మోటబావి కింది సేద్యమంతా ఆ చేతుల మీద నడిచింది. ఆ చేతులను మాత్రం ఊరు వెలుపలే ఉంచారు. తంగేడు కథ చెప్పేటప్పుడు ఈ అన్యాయాన్ని దాటవేయకూడదు.

తంగేడుతో ఊనిన తోలుకు ఒక లోపం ఉంది: వెలుతురు తగిలితే ఎర్రబారుతుంది. చివర్లో కరక్కాయ నీళ్లలో ముంచితే రంగు అలా మారదు. 1840ల ప్రాంతంలో పాండిచ్చేరికి చెందిన చార్లెస్ డి సూసా నాటు పద్ధతిలో తెచ్చిన మెరుగులతో మద్రాసు తోళ్లకు విదేశీ గిరాకీ పెరిగింది. సగం ఊనిన ఆ తోళ్లు లండన్ బజారుకు ఓడలెక్కాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైతోలుకు కూడా అవే వాడారు. గిరాకీ పెరిగేకొద్దీ లాభం వర్తకులకు చేరింది, చెక్క కొనలేని పల్లె లందలు వెనకబడ్డాయి.

1903లో మద్రాసులో బ్రిటిష్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ ఛటర్టన్ క్రోమ్ లవణాలతో తోలు ఊనే ప్రయోగాలు మొదలుపెట్టారు. తర్వాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ అనే చెట్టు చెక్క వచ్చింది. అందులో టానిన్ మరింత ఎక్కువ, సరుకు ఏకరీతిగా దొరికేది. పెద్ద కార్ఖానాలు క్రమంగా దానికి మళ్లాయి. పల్లెల్లో మోటల స్థానంలో కరెంటు మోటార్లు రావడంతో తొండాల అవసరమే లేకుండా పోయింది.

చెక్క బేరం పోయినా పువ్వు మిగిలింది. బతుకమ్మను ప్రధానంగా గునుగు, తంగేడు పూలతో పేరుస్తారు. 2014లో తెలంగాణ ప్రభుత్వం తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. అది పెరిగే గుట్టల్నీ బీళ్లనీ మాత్రం రికార్డులు ఇప్పటికీ బంజరు అనే అంటాయి. వాటిని చదును చేసి ప్లాట్లు వేస్తున్నారు, నీలగిరి తోటలు పెంచుతున్నారు. దాంతో నగరాల్లో పండుగకు తంగేడు పూలను దూరపు ఊళ్ల నుంచి తెచ్చి బజార్లలో అమ్ముతున్నారు.