నెట్‌వర్క్ డ్రైవర్లలో మెమరీ భద్రతా లోపాలు

నెట్‌వర్క్ కార్డును ఆపరేటింగ్ సిస్టమ్‌తో కలిపే డ్రైవర్ ప్రోగ్రాము తనకు కేటాయించిన మెమరీ హద్దు దాటి రాసినా, చదివినా, వదిలేసిన మెమరీని మళ్లీ వాడినా దాన్ని మెమరీ భద్రతా లోపం అంటారు. ఇలాంటి తప్పులు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా దొర్లుతాయి. నెట్‌వర్క్ డ్రైవర్‌లో దొర్లితే మాత్రం ముప్పు చాలా పెద్దది. డ్రైవర్ సాధారణంగా ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నెల్‌లో భాగంగా, యంత్రం మీద పూర్తి అధికారంతో నడుస్తుంది. పైగా పాస్‌వర్డులు, ఫైర్‌వాల్ రంగంలోకి దిగకముందే, ఎవరు పంపారో తెలియని బైట్లను మొదట విప్పి చూసేది అదే. వైఫై అయితే తీగ కూడా అక్కర్లేదు, రేడియో అందేంత దూరంలో ఉంటే చాలు.

ఈ లోపాల మూలం సి భాష దాకా వెళుతుంది. బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ రూపొందించిన ఈ భాషలో 1973లో యూనిక్స్ కెర్నెల్‌ను తిరగరాశారు. అప్పటినుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌లకు అదే ప్రధాన భాష అయింది. అర్రేల హద్దులను సి తనిఖీ చేయదు, ఆ పని ప్రోగ్రామరుదే. నాటి యంత్రాల శక్తిని బట్టి అది సబబైన నిర్ణయమే. కానీ ప్యాకెట్‌లో పొడవు తెలిపే అంకెను కూడా పంపినవాడే రాస్తాడు. దాన్ని సరిచూడకుండా కాపీ చేస్తే పక్కనున్న కెర్నెల్ డేటా చెరిగిపోతుంది. తర్వాతి దశాబ్దాల్లో కంపెనీలు మారాయి, పరికరాలు మారాయి, ఈ తప్పు మాత్రం పదేపదే బయటపడుతూ వచ్చింది.

1996లో వెలుగుచూసిన 'పింగ్ ఆఫ్ డెత్' డ్రైవర్‌లో లోపం కాదు, దాని పైనున్న ప్రొటోకాల్ పొరలోది, అయినా అదే తరహా తప్పు. ఐపీ ప్యాకెట్ గరిష్ఠంగా 65,535 బైట్లు ఉండాలి. ముక్కలుగా పంపి, అవతల కలిపేసరికి అంతకు మించేలా చేస్తే అనేక సిస్టమ్‌లు కుప్పకూలేవి.

డ్రైవర్ల మీద శాస్త్రీయ పరిశీలన 2001లో ఊపందుకుంది. లినక్స్‌లో మిగతా కెర్నెల్ భాగాలతో పోలిస్తే డ్రైవర్లలో తప్పుల రేటు మూడు నుంచి ఏడు రెట్ల వరకూ ఎక్కువని స్టాన్‌ఫర్డ్‌లో ఆండీ చౌ, డాసన్ ఎంగ్లర్ బృందం తేల్చింది. విండోస్ ఎక్స్‌పీ వైఫల్యాల్లో 85 శాతానికి డ్రైవర్లే కారణమని పేర్కొంటూ వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2003లో 'నూక్స్' అనే పద్ధతి ప్రతిపాదించారు. డ్రైవర్ చుట్టూ గోడ కట్టి, అది కూలినా కెర్నెల్ నిలబడేలా చూడడం దాని ఉద్దేశం. వాణిజ్య సిస్టమ్‌లు ఆ సూచనను అప్పుడే గట్టిగా పట్టించుకుని ఉండాల్సింది.

అదే ఏడాది 'ఈథర్‌లీక్' బయటపడింది. ఈథర్‌నెట్ ఫ్రేములో కనీసం 46 బైట్ల డేటా ఉండాలి, తక్కువైతే మిగతా చోటును సున్నాలతో నింపాలి. అనేక డ్రైవర్లు ఆ చోటును శుభ్రం చేయకుండా, అక్కడ ముందునుంచి ఉన్నదాన్నే పంపేస్తున్నాయని భద్రతా పరిశోధకులు ఓఫిర్ ఆర్కిన్, జోష్ ఆండర్సన్ చూపించారు. పాత ప్యాకెట్ల శకలాలు, కెర్నెల్ మెమరీ తునకలు అలా బయటికి పోయేవి. ఏదీ కూలదు, ఏ హెచ్చరికా కనిపించదు. చిన్న ప్యాకెట్లు పంపి జవాబులు పోగుచేసుకున్నవాడికి మాత్రం సమాచారం అందుతూనే ఉంటుంది. లోపమంటే యంత్రం ఆగిపోవడమే అనుకునేవారికి ఇది కొత్త పాఠం.

2006లో దృష్టి వైఫై మీదికి మళ్లింది. ఆగస్టులో లాస్‌వేగాస్ బ్లాక్ హ్యాట్ సదస్సులో డేవిడ్ మేనర్, జాన్ ఎల్చ్ మ్యాక్‌బుక్ మీద చూపిన దాడి పెద్ద వివాదం రేపింది. సెప్టెంబరులో ఆపిల్ తన వైఫై డ్రైవర్లకు సవరణలు విడుదల చేసింది. నవంబరులో బ్రాడ్‌కామ్ విండోస్ డ్రైవర్‌లో బయటపడిన లోపం మరీ స్పష్టమైనది. వైఫై నెట్‌వర్క్ పేరు 32 బైట్లు మించకూడదు. కానీ పొడవు తెలిపే గడిలో 255 దాకా రాయవచ్చు. డ్రైవర్ ఆ అంకెను నమ్మి పేరును స్టాక్ అనే మెమరీ ప్రాంతంలోకి కాపీ చేసేది. వినియోగదారు ఏ నెట్‌వర్క్‌లోనూ చేరనక్కర్లేదు, ల్యాప్‌టాప్ చుట్టుపక్కల నెట్‌వర్క్‌ల కోసం వెతుకుతూ ఉంటే చాలు.

తీగ నెట్‌వర్క్‌లూ మినహాయింపు కాదు. ఇంటెల్ ఈ1000 కార్డుల లినక్స్ డ్రైవర్‌లో పొడవు లెక్క తప్పే లోపాన్ని 2009లో సరిదిద్దారు. ఆ సవరణ అసంపూర్ణమని కొద్ది నెలల్లోనే తేలింది. హద్దు మించిన ఫ్రేము తోకభాగాన్ని డ్రైవర్ విడి ఫ్రేముగా భావించడంతో, ప్యాకెట్ ఫిల్టర్లను దాటి పోయే దారి దొరికింది.

2017లో భద్రతా పరిశోధకుడు గాల్ బెనియామిని మరో కోణం చూపాడు. ముందు బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌ను గాలిలోంచే వశం చేసుకుని, అక్కడినుంచి ఫోను కెర్నెల్‌లోకి చొరబడ్డాడు. తన సొంత చిప్ పంపేదాన్ని డ్రైవర్ ప్రశ్నించదన్నదే అక్కడి కీలకం. ఎయిర్‌డ్రాప్‌కు ఆధారమైన ఏడబ్ల్యూడీఎల్ డ్రైవర్‌లోని ఒకే ఒక్క ఓవర్‌ఫ్లోతో సమీపంలోని ఐఫోన్లను తాకకుండానే స్వాధీనం చేసుకోవచ్చని మరో పరిశోధకుడు ఇయాన్ బీర్ 2020 డిసెంబరులో వివరించాడు. ఆపిల్ అప్పటికే దాన్ని సరిదిద్దింది. ఇంట్లో ఒంటరిగా, సుమారు ఆరు నెలల పనితో ఒక్క మనిషి సాధించినది ఇది.

రక్షణలూ పెరిగాయి. మెమరీ తప్పులను పరీక్ష దశలోనే పట్టే కేఏఎస్ఏఎన్ సాధనం 2015లో లినక్స్‌లో చేరింది. గూగుల్‌లో తయారైన సిజ్‌కాలర్ అస్తవ్యస్తమైన ఇన్‌పుట్లు గుప్పిస్తూ లోపాలను వెలికితీస్తోంది. కార్డు నేరుగా ముట్టుకోగల మెమరీని ఐఓఎంఎంయూ అనే హార్డ్‌వేర్ భాగం పరిమితం చేస్తుంది. అయితే సిస్టమ్‌లు దాన్ని సరిగా వాడుకోవడం లేదని 2019లో 'థండర్‌క్లాప్' పరిశోధన రుజువు చేసింది.

మూలానికి మందు, మెమరీ హద్దులను తానే చూసుకునే వేరే భాష. 2017లో లినక్స్‌లో బయటపడినవాటిలో తాము పరిశీలించిన 40 మెమరీ లోపాల్లో 39 డ్రైవర్లలోనే ఉన్నాయని మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయ బృందం 2019లో ప్రకటించింది. ఇంటెల్ 10 గిగాబిట్ కార్డుకు రస్ట్, గో, జావా, పైథాన్ తదితర భాషల్లో డ్రైవర్లు రాసి పోల్చింది. రస్ట్ డ్రైవర్ వేగంలో సికి చాలా దగ్గరగా వచ్చింది. వేగం కోసం సి తప్పదనే వాదన దీంతో బాగా బలహీనపడింది. 2022 డిసెంబరులో వచ్చిన లినక్స్ 6.1లో రస్ట్‌కు తొలి మద్దతు లభించింది. 2024 మార్చిలో విడుదలైన 6.8లో ఆసిక్స్ ఈథర్‌నెట్ చిప్‌కు రస్ట్‌లో రాసిన చిన్న డ్రైవర్ చేరింది. అయినా పాత ముప్పు తీరలేదు: అదే ఏడాది జూన్‌లో మైక్రోసాఫ్ట్ తన విండోస్ వైఫై డ్రైవర్‌లో, దగ్గర్లోని వ్యక్తి ప్యాకెట్ పంపి కోడ్ నడపగల లోపానికి సవరణ విడుదల చేసింది.