డియా బీకన్

డియా బీకన్ అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, హడ్సన్ నది ఒడ్డున బీకన్ పట్టణంలో ఉన్న సమకాలీన కళా మ్యూజియం. 1974లో ఏర్పడిన డియా ఆర్ట్ ఫౌండేషన్ దీన్ని 2003 మే నెలలో తెరిచింది. మామూలు గ్యాలరీ గదుల్లో ఇమడని శిల్పాలకు శాశ్వతంగా చోటు చూపడం దీని ఉద్దేశం.

ఈ భవనం మ్యూజియం కోసం కట్టింది కాదు. బిస్కెట్ల కంపెనీ నాబిస్కో తన పెట్టెల ముద్రణకు 1929లో కట్టించుకున్న కర్మాగారం. విస్తీర్ణం దాదాపు 3 లక్షల చదరపు అడుగులు. పనివాళ్లకు పగటి వెలుతురు అందేలా కప్పులో 34,000 చదరపు అడుగుల మేర గాజు అమర్చారు. ఆ గాజు ఉత్తరం వైపు తిరిగి ఉండడంతో ఎండ సూటిగా పడదు. వెలుతురు మెత్తగా, అంతటా ఒకేలా పరుచుకుంటుంది. శిల్పానికి ఇంతకంటే మేలైనది దొరకదు. ఒకవైపు నుంచి దీపం వేస్తే ఆ దీపం చూపినదే కనిపిస్తుంది. పగటి వెలుతురులో అయితే మబ్బు పట్టినప్పుడల్లా లోహం రంగు మారుతుంది, వంపు లోతు మారుతుంది. అందుకే గ్యాలరీలను ఎక్కువగా పగటి వెలుతురుకే వదిలేశారు. ఆ కారణంగానే చలికాలంలో మ్యూజియాన్ని త్వరగా మూసేస్తారు.

మార్పుల ప్రణాళికను కళాకారుడు రాబర్ట్ ఇర్విన్, ఓపెన్‌ఆఫీస్ అనే వాస్తుశిల్ప సంస్థతో కలిసి రూపొందించాడు. వాళ్లు చేర్చినది తక్కువ. ఈ భవనంలో నిజమైన ప్రతిభ ఆ సంయమనమే. ఇర్విన్ బయట వాహనాలు నిలిపే చోటు నుంచే ఆలోచన మొదలుపెట్టి, అక్కడ చెట్లను వరుసలుగా నాటించాడు. లోపల ఒక్కో కళాకారుడికి విడిగా చోటు కేటాయించారు.

బరువు విషయంలో ఈ ప్రదర్శన రెండు కొసలనూ చూపిస్తుంది. ఒకప్పుడు రైలు పెట్టెలు సరుకు దింపిన షెడ్డులో రిచర్డ్ సెర్రా 'టార్క్‌డ్ ఎలిప్సెస్' ఉన్నాయి. సుమారు 4 మీటర్ల ఎత్తున, 5 సెంటీమీటర్ల మందాన మెలితిరిగిన ఉక్కు పలకలు అవి. లోపలికి నడిస్తే గోడ మీదికి ఒరిగి, మళ్లీ దూరం జరిగినట్టుంటుంది. అదే భవనంలో ఫ్రెడ్ శాండ్‌బ్యాక్ పని అంతా బిగించి కట్టిన అక్రిలిక్ దారమే. గాజు పలక నిలబెట్టారేమో అని చూసేవాళ్లు దారాల మధ్య నుంచి దాటడానికి జంకుతారు.

మైకేల్ హైజర్ 1960లలో ఊహించిన 'నార్త్, ఈస్ట్, సౌత్, వెస్ట్' కోసం ఏకంగా నేలనే తవ్వాల్సి వచ్చింది. 20 అడుగుల లోతున్న నాలుగు గుంతలు, వాటికి ఉక్కు తొడుగు. అంచుకు దగ్గరగా వెళ్లాలంటే సిబ్బంది వెంట ఉండాలి.

మేడ మీద లూయీజ్ బూర్జువా సాలీడు శిల్పానికి మాత్రం విశాలమైన హాలు ఇవ్వలేదు. ఇటుక గోడల గదిలో అది కాళ్లు ముడుచుకుని ఉంటుంది. గోడకూ కాళ్లకూ మధ్య ఒదిగి నడిచేవాళ్లు దాని ఆకారాన్ని ముందు ఒంటితో, తర్వాత కంటితో తెలుసుకుంటారు.