ఎక్కించిన సెలైన్ ఎటు పోయింది?

మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. రక్తం బాగా పోయిన సైనికుడికి డాక్టర్లు సెలైన్ ఎక్కించారు. బీపీ లేచింది. కాసేపటికే మళ్ళీ పడిపోయింది. మరి ఆ నీళ్ళన్నీ ఎటు పోయాయి?

జవాబు అంతకు ఇరవై ఏళ్ళ ముందే దొరికింది. 1896, లండన్. అర్నెస్ట్ స్టార్లింగ్‌కి అప్పుడు 30 ఏళ్ళు, అంటే దాదాపు మన వయసే.

అప్పట్లో ఒక పెద్ద వాదన నడిచేది. కేశనాళికల్లోంచి ద్రవాన్ని రక్తం ఒత్తిడే బయటికి తోస్తుందని కార్ల్ లుడ్విగ్ వాదన. కాదు, నాళం గోడలోని కణాలే స్రవిస్తాయని హైడెన్‌హైన్ వాదన. సరే, బయటికొచ్చిన ద్రవం మళ్ళీ లోపలికి ఎలా వెళ్తుంది? స్టార్లింగ్ పట్టుకున్నది ఈ ప్రశ్ననే.

ఆయన కుక్క కాలి కణజాలంలోకి ఉప్పునీళ్ళు ఎక్కించి చూశాడు. ఆ కాల్లో తిరిగే రక్తం వాటిని పీల్చుకుంది. అదే సీరం ఎక్కిస్తే పీల్చుకోలేదు. తేడా ఎక్కడుంది? సీరంలో ప్రోటీన్లు ఉన్నాయి, ఉప్పునీళ్ళలో లేవు.

అంటే ఇక్కడ రెండు ఒత్తిళ్ళు పనిచేస్తున్నాయి. ఒకటి హైడ్రోస్టాటిక్. గుండె పంపు చేసే బలం వల్ల రక్తం గోడల్ని నెడుతుంది, నీరు బయటికి పోతుంది. డ్రిప్ పైపు చిల్లుల్లోంచి నీళ్ళు కారినట్టు. ధమని వైపు ఇది సుమారు 35 మిల్లీమీటర్ల పాదరసం, సిర వైపుకి వచ్చేసరికి 15కి తగ్గుతుంది. రెండోది ఆస్మాటిక్. గోడ దాటలేని ప్రోటీన్లు, ముఖ్యంగా అల్బుమిన్, నీటిని లోపలికి లాగుతాయి. ఇది సుమారు 25 దగ్గరే ఉంటుంది. ఒకటి తోస్తుంది, ఇంకోటి లాగుతుంది. బయట మిగిలిన ద్రవాన్ని లింఫ్ నాళాలు తిరిగి రక్తంలోకి చేరుస్తాయి.

ఇప్పుడు సైనికుడి దగ్గరికి వద్దాం. ఉప్పు ఆ గోడని సులభంగా దాటేస్తుంది కాబట్టి నీటిని పట్టి ఉంచలేదు. అందుకే స్టార్లింగ్ బావ విలియం బేలిస్ సెలైన్‌లో 6 శాతం అకేషియా జిగురు కలపమన్నాడు. అది మన తుమ్మ బంక లాంటిదే. పెద్ద అణువులు కదా, నాళంలోనే ఉండిపోయి నీటిని ఆపాయి. తర్వాత అది లివర్‌లో పేరుకుంటోందని తెలిసి పక్కనపెట్టేశారు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి, రక్తం నుంచే వేరుచేసిన అల్బుమిన్ చేతికొచ్చింది.

మా అమ్మమ్మ కాళ్ళకి నీరు పట్టినప్పుడు ఇంట్లో అందరం "ఉప్పు తగ్గించు" అనేవాళ్ళం. డాక్టర్‌గారు మాత్రం ముందు గుండె చూశారు, తర్వాత యూరిన్‌లో ప్రోటీన్ పోతోందా అని టెస్ట్ రాశారు. అప్పుడు నాకు అర్థం కాలేదు. తోసే బలం పెరిగినా వాపే, లాగే బలం తగ్గినా వాపే. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ వైద్యం వేరు. అందుకే ఇంట్లో ఎవరికైనా కాళ్ళు వాస్తే మనమే తేల్చేయకుండా డాక్టర్‌కి చూపించండి.