‘వన్ సెకండ్’ అన్న యాంకరే నిర్మాత

పల్నాడు జిల్లా అచ్చంపేట మండలం మాదిపాడు రేవులో కృష్ణ దాటితే అవతలి ఒడ్డున ముక్త్యాల. పాత జమీందారుల కోట ఉన్న ఊరది. అక్కణ్ణుంచి రోడ్డు పట్టుకుంటే నందిగామ వస్తుంది. 2015 దసరాకు విడుదలైన ‘రాజుగారి గది’లో దెయ్యం బంగళా ఉన్నది ఆ నందిగామలోనే. కథ మహా సరదాగా ఉంటుంది. ఒక టీవీ ఛానల్ రియాలిటీ షో పెడుతుంది. ఏడుగురు పోటీదారులు ఏడు రాత్రులు ఆ బంగళాలో గడపాలి. నెగ్గినవాళ్లకు కోట్లలో బహుమతి.

దర్శకుడు ఓంకార్. జనాన్ని ఒకచోట పోగేసి, పోటీ పెట్టి, నవ్వించి, ఏడిపించి, చివర్లో చెక్కు చేతిలో పెట్టడం టీవీలో ఆయన ఏళ్ల తరబడి చేసిన పనే. దానికో దెయ్యాన్ని తగిలించి థియేటర్‌కు తెచ్చాడు.

పల్నాడుకు టీవీ నవ్వులతో ఇంతకంటే పాత చుట్టరికం ఉంది. సత్తెనపల్లి దగ్గర చాగంటివారిపాలెంలో పుట్టిన బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు లెక్చరర్‌గా పనిచేస్తూ, 1980ల నడిమిలో దూరదర్శన్ ‘పకపకలు’తో ఇంటింటికీ తెలిశాడు. 1987లో జంధ్యాల ‘అహ నా పెళ్లంట’లో అరగుండు వేషం దొరికాక ఇక వెనక్కి చూడలేదు. ఆ తరానికి బుల్లితెర ఒక మెట్టు. కాలు మోపి పైకి ఎక్కేసేవారు, అంతే. ఉన్నదల్లా ఒక్క ప్రభుత్వ ఛానల్, అందులో తెలుగుకు దక్కేది కొన్ని గంటలు. అక్కడ సొంతంగా వ్యాపారం పెట్టడానికి చోటెక్కడిది?

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. 2002లో మా టీవీ, 2005లో జీ తెలుగు. రోజంతా నింపాల్సిన గంటలు ఎదురుగా ఉన్నాయి, నింపేవాళ్లు కావాలి. మ్యూజిక్ ఛానల్లో పాటల మధ్య కబుర్లు చెప్పే వీజేగా మొదలైన ఓంకార్‌కు జీ తెలుగు ‘ఆట’ దారి చూపింది. డ్యాన్స్ పోటీ అప్పటికి కొత్తేమీ కాదు. కొత్తదల్లా ఎలిమినేషన్ ఘట్టం. పిల్లలు వరసగా నిలబడతారు. సంగీతం ఆగుతుంది. కెమెరా ఒక్కో మొహం మీదికీ, ముందు వరసలో కూర్చున్న తల్లి మొహం మీదికీ వెళ్తుంది. పేరు చెప్పబోయిన ఓంకార్ వేలెత్తి ‘వన్ సెకండ్’ అంటాడు. ఆ సెకండు ఎంతసేపటికీ పూర్తికాదు, ఈలోగా ఒక ప్రకటనల విరామం కూడా వచ్చిపోతుంది. దీన్ని వెక్కిరించని మిమిక్రీ కళాకారుడు లేడు. పిల్లల కన్నీళ్లతో రేటింగులు సంపాదించే ఈ పద్ధతి మెచ్చుకోదగ్గది కాదు. కానీ ఆ వెక్కిరింతే ఆయన పేరును ఇంకో పదేళ్లు నిలబెట్టింది. పోటీదారులు ‘అన్నయ్యా’ అని పిలవడం కూడా షోలో భాగమైపోయింది.

ఇక డబ్బు లెక్క. యాంకర్‌కు దక్కేది పారితోషికం. నిర్మాతకు ఛానల్ ఎపిసోడ్‌కు ఇంత అని కడుతుంది. సెట్టు, లైట్లు, కెమెరాలు, జడ్జీలు, డ్యాన్స్ మాస్టర్లు, యూనిట్ భోజనాలు అన్నీ అందులోంచే పోవాలి, మిగిలింది లాభం. అందుకే ఒకసారి సెట్టు వేశాక ఒకే రోజున రెండు మూడు ఎపిసోడ్లు లాగించేస్తారు. షో మధ్యలో ఆగితే ఆ ఖర్చు నెత్తిన పడేదీ నిర్మాతకే. మైకు పట్టుకున్నవాడే నిర్మాత అయితే జనం దేనికి ఛానల్ మార్చరో, ఏ సెట్టు దండగో అతనికి ఒకరు చెప్పనక్కర్లేదు.

అమెరికాలో మెర్వ్ గ్రిఫిన్ ఈ దారి ముందే తొక్కాడు. పాటగాడిగా మొదలై, టాక్ షోలు నడిపి, 1964లో ‘జెపర్డీ’, 1975లో ‘వీల్ ఆఫ్ ఫార్చ్యూన్’ తయారుచేశాడు. 1986లో తన కంపెనీని కోకాకోలాకు 25 కోట్ల డాలర్లకు అమ్మాడు. అతన్ని శ్రీమంతుణ్ణి చేసింది గొంతు కాదు, ఆ ఆటల మీదున్న హక్కు.

ఓంకార్ సంస్థ పేరు ఓక్ ఎంటర్‌టైన్‌మెంట్స్. ఓంకార్, అశ్విన్, కల్యాణ్ అనే ముగ్గురు అన్నదమ్ముల పేర్ల మొదటి ఇంగ్లిష్ అక్షరాలు వరసగా పెడితే వచ్చేది అదే. సినిమాలో తొలి అడుగు, 2012 డిసెంబరు నాటి ‘జీనియస్’, తడబడింది. ‘రాజుగారి గది’ మాత్రం చిన్న తారాగణంతో గట్టెక్కింది. తమ్ముడు అశ్విన్ హీరో, హాస్యానికి షకలక శంకర్, ధన్‌రాజ్ అంటే ‘జబర్దస్త్’ బ్యాచ్. టీవీ మనుషుల మీద ఉన్న నమ్మకం అక్కడ పనికొచ్చింది. 2017లో రెండో భాగానికి నాగార్జున, సమంత వచ్చారు. అది మలయాళ ‘ప్రేతం’కు రీమేక్. 2019లో మూడో భాగాన్ని సొంత సంస్థే తీసింది. ముందు అనుకున్న తమన్నా తప్పుకోవడంతో అవికా గోర్ నటించింది. మూడింటిలో మొదటిదే మేలు. పెద్ద తారలు వచ్చాక ఆ రియాలిటీ షో అల్లరి పోయింది.

సినిమా చూసుకుని టీవీని వదిలేయలేదు. స్టార్ మాలో ‘సిక్స్త్ సెన్స్’, 2022లో ఆహాలో ‘డ్యాన్స్ ఐకాన్’, 2023లో హాట్‌స్టార్‌లో వరలక్ష్మీ శరత్‌కుమార్‌తో ‘మాన్షన్ 24’. ‘జబర్దస్త్’ వేణు 2023లో ‘బలగం’ తీసి దర్శకుడిగా ఇంతకంటే ఎక్కువ మర్యాద సంపాదించాడు, అందులో అనుమానం లేదు. అయితే వేణు సినిమాకు నిర్మాత దిల్ రాజు సంస్థ. ఓంకార్ షోలకు, మూడో ‘గది’కి నిర్మాణ సంస్థ ఓంకార్‌దే.